మామ్మ చీర కుచ్చిళ్ళలో లామో దేశం

పోయిన చలికాలం మా మనవరాలు నాకు స్వెట్టరు కొనిపెడతానని విశాఖపట్నం బజారుకి తీసుకెళ్ళింది. రోడ్డు వార తాళ్ళ మీద ఉన్ని బట్టలు వేలాడదీసుకుని టిబెట్టు ఆడవాళ్ళు వరసగా కూర్చున్నారు. వాళ్ళలో ఒకావిడ నా ఈడుది. రెండు తెల్లటి జడలు, నడుము ముందు చారల గుడ్డ, బుగ్గల మీద ఎండిన రేగుపండు ముడతలు. ఆవిడని చూడగానే నా నోట్లోంచి నాకు తెలీకుండానే "చా థుంగ్" అనే మాట ఊడిపడింది. టీ తాగు అని దానర్థం. ఆవిడ ఒక్క క్షణం నన్ను తేరిపార చూసి, పక్కనున్న ఫ్లాస్కు తీసి, నిజంగానే ఒక కప్పు పోసి నా చేతికిచ్చింది. మా మనవరాలు బేరం ఆపేసి, "అమ్మమ్మా, నీకు వీళ్ళ భాష ఎలా వచ్చు?" అంది. "రంగంలో నేర్చుకున్నాను, నాకు పన్నెండేళ్ళప్పుడు" అన్నాను. ఆ పిల్ల రంగం ఎక్కడ, టిబెట్టు ఎక్కడ అని లెక్క చూసుకుని, నాకు ఎండ తగిలిందనుకుని, నీడలోకి జరిపి కూర్చోబెట్టింది. జనవరి నెలలో. అందుకని ఇదంతా రాసిపెడుతున్నాను.

ఇప్పుడందరూ రంగూన్ అంటున్నారు గాని మా వాళ్ళకి అది ఎప్పుడూ రంగమే. లత వీధికి దగ్గర ఒక సందులో చెక్క మేడ మాది. మాది అంటే పైన అద్దెకుండేవాళ్ళం. కింద ఒక చీనా ఆయన మందుల కొట్టు. ఆయన యునాన్ వైపునుంచి కంచరగాడిదల వెంట నడిచొచ్చి ఇక్కడ బర్మా ఆవిణ్ణి చేసుకుని స్థిరపడ్డాడు. ఆవిడ పేరు మ టిన్. ఎప్పుడూ జడలో పువ్వు, చెంపలకి చందనం పూత, నోట్లో ఎవరిదో ఒకరి కబురు. కొట్లోంచి వేళ్ళూ బెరళ్ళూ కర్పూరం వాసన మెట్లెక్కి పైకొచ్చేది. పక్కింటినుంచి బర్మావాళ్ళ కుళ్ళబెట్టిన చేపల ముద్ద వాసన కిటికీలోంచి వచ్చేది. మా అమ్మ పులుసులో పోపు పెట్టగానే ఆ రెండూ తల వంచుకుని వెళ్ళిపోయేవి. కళ్ళు మూసుకుని ఆ మెట్ల మీద నిలబడితే ఎన్నో మెట్టు మీదున్నానో వాసనని బట్టి చెప్పగలిగేదాన్ని.

మా నాన్న రేవులో ఓడలకి బియ్యం బస్తాలు మోసే జట్టుకి మేస్త్రీ. పదేళ్ళవాడుగా కళింగపట్నం దగ్గర మా ఊరినుంచి ఓడెక్కి వచ్చి, తనూ బస్తాలు మోసి మేస్త్రీ అయినవాడు. అయ్యాక కోటు వేశాడు, గొడుగు పట్టాడు, మాటలు తగ్గించాడు. ఇంట్లో ఎవరూ గట్టిగా నవ్వకూడదు, మెట్ల మీద కూర్చోకూడదు, కూలీల ఇళ్ళలోలా ఏదీ జరక్కూడదు. ఈ చట్టాలన్నీ మా అందరికీ వర్తించేవి, మామ్మకి తప్ప. మామ్మ అంటే నాన్నగారి తల్లి. నాన్న నిలదొక్కుకున్నాక ఆవిణ్ణి ఊరినుంచి తెచ్చుకున్నాడు. ఆవిడ మెట్ల మీదే కూర్చునేది, అక్కడే మజ్జిగ చిలికేది, అక్కడే అడ్డపొగ తాగేది. నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చడం మా వైపు ఆడవాళ్ళకి అలవాటు. బర్మా చుట్టలు మొక్కజొన్న కంకులంత లావుండేవి. మామ్మ వాటినీ వదల్లేదు.

ఇంకొకరున్నారు ఆ ఇంట్లో, నాన్న చెల్లెలు సూరీడత్త. నాన్న ఓడెక్కాక ఊళ్ళో పుట్టిన ఆఖరి బిడ్డ. పదహారేళ్ళకి పెళ్ళి, ఏడాది తిరక్కుండా మొగుడు జ్వరంతో పోయాడు. మామ్మతోపాటు రంగం వచ్చింది. బర్మా భాష మా అందరికన్నా బాగా మాట్లాడేది. రంగం పొలిమేరలో ఇన్సేన్ రైలు కార్ఖానాలో పనిచేసే సన్నాసి అనే మా వైపు అతను ప్రతి ఆదివారం నాన్నని చూసే నెపంతో వచ్చి, నాన్నని తప్ప అందర్నీ చూసి వెళ్ళేవాడు. అత్తకీ అతనంటే ఇష్టమే. ఆ వేసవిలో ధైర్యం చేసి నాన్నని అడిగేశాడు. మా కులంలో మారుమనువు తప్పు కాదు, ఊళ్ళో ఇంటికొకటి జరిగేది. కాని నాన్న మేస్త్రీ ఇంట్లో అలాంటిది లేదన్నాడు. పెద్దింటివాళ్ళు చెయ్యరు కాబట్టి మనమూ చెయ్యం అన్నాడు. అమ్మ ఏదో అనబోతే గొడుగు తీసుకుని వెళ్ళిపోయాడు. అప్పట్నుంచీ అత్త నవ్వడం మానేసింది. నాన్న చట్టం ఒకటి అలా నూటికి నూరుపాళ్ళూ అమలైంది.

వానలు మొదలయ్యే ముందు ఒకరోజు మందుల కొట్టు ముందు రెండు గుర్రబ్బండ్లు ఆగాయి. అందులోంచి గొర్రెతోలు కోటు ఒక భుజం మీదనుంచి జార్చుకుని ఒక పొడుగాటి మనిషి దిగాడు. వెనకే అంత పొడుగూ ఉన్న ఒకావిడ. జుట్టంతా సన్నసన్నటి జడలు, జడల్లో పగడాలు, నీలంరాళ్ళు, చేతిలో జపం చేసుకునే తావళం. వాళ్ళు టిబెట్టులో తూర్పు కొసనుంచి కంచరగాడిదల మీద కస్తూరి తిత్తులు, మందు వేళ్ళు వేసుకుని నెలల తరబడి నడిచి ఎగువ బర్మాలోని భామో చేరి, అక్కడినుంచి పొగపడవలో రంగం దిగారు. కస్తూరి కొట్టాయనకి. పుణ్యం తమకి. ష్వేడగోన్ పగోడా చూసి, కలకత్తా ఓడెక్కి, బుద్ధగయకి పోవాలని వాళ్ళ మొక్కు. ఆయన పేరు తాషి. ఆవిడ లామో. కొట్లో చోటు లేక మా మేడ మీద వెనక గది వాళ్ళకిమ్మని మ టిన్ వచ్చి అడిగింది. యాత్రికులంటే నాన్న కాదనలేకపోయాడు.

మొదటి పరిచయం ఇప్పటికీ తలుచుకుంటే నా పొట్ట పట్టుకోవాలి. లామో మెట్లెక్కి వచ్చింది. ఎదురుగా కోటు వేసుకుని, రేవంతా గజగజలాడే మా నాన్న. ఆవిడ వినయంగా నడుం వంచి, బారెడు నాలిక బయటికి చాపింది. వాళ్ళ దేశంలో పెద్దలకి అది నమస్కారమట. ఆ సంగతి మాకు రెండ్రోజుల తరవాత తెలిసింది. నాన్న ఏం చెయ్యాలో తెలీక కోటు గుండీ పెట్టుకున్నాడు. మామ్మ మాత్రం ఊరుకోలేదు. "ఇదేటే, ఇంటికొచ్చి నాలిక సాపుతాది?" అని అడగడానికి నోట్లోంచి చుట్ట తీసింది. ఎర్రగా కణకణలాడే నిప్పు కొస నోట్లోంచి బయటికొచ్చింది. లామో నాలిక లోపలికి తీసుకుని, రెండడుగులు వెనక్కివేసి, మామ్మ కాళ్ళకి సాష్టాంగపడిపోయింది. నిప్పు మింగే తల్లి అనుకుంది మరి. ఆ నమస్కారం అర్థం కావడానికి మామ్మకి అనువాదం అక్కర్లేకపోయింది. ఆ క్షణంనుంచీ లామో ఆవిడకి లచ్చమ్మ అయిపోయింది. లామో అంటే వాళ్ళ భాషలో దేవత అనే అర్థమని తరవాత తెలిసి, "నేను ముందే సెప్పలేదేటి" అంది.

మాట్లాడ్డం ఎలాగా అంటే, అదొక కావిడి మోత. లామోకి కంచరగాడిదలవాళ్ళ చీనా భాష వచ్చు. అది మ టిన్‌కి మొగుడివల్ల వచ్చు. మ టిన్ దాన్ని బర్మాలో చెప్పేది. సూరీడత్త బర్మాని తెలుగు చేసి మామ్మకి అందించేది. మామ్మ జవాబు మళ్ళీ అదే మెట్లు దిగి వెళ్ళేది. "తలనొప్పి తగ్గిందా" అని మామ్మ అడిగితే, "మా ఊరికి రెండు మఠాలున్నాయి" అని జవాబొచ్చిన రోజులున్నాయి. వారం తిరక్కుండానే రంగం ఉక్కకి లామో జ్వరపడింది. తాషి భామోలో వదిలొచ్చిన కంచరగాడిదలనీ మనుషులనీ చూసుకోవాలి. వానలు వెలిశాక వస్తానని చెప్పి, ఆవిణ్ణి మామ్మకి అప్పగించి వెళ్ళిపోయాడు. గొర్రెతోలు కోటు మడిచి పెట్టేశారు. లామోకి అత్త చీర కట్టారు. నాలుగో రోజుకి జ్వరం దిగింది, ఆకలి లేచింది, కథలు మొదలయ్యాయి. వాటి మధ్యలో నిలబడి అటూ ఇటూ మాటలు మోస్తూ, ఒకనాడు మా అత్త నవ్వింది. ఎందుకు నవ్విందో గుర్తు లేదు. వంటింట్లోంచి అమ్మ గరిటె పట్టుకుని పరిగెత్తుకొచ్చి చూడ్డం గుర్తుంది.

లామో రంగం గురించి అడిగిన మొదటి ప్రశ్న, ఈ నేలని ఇలా చదును చేసిందెవరని. మరి మీ నేల ఎలా ఉంటుందని మామ్మ అడిగింది. లామో చుట్టూ చూసి, దండెం మీద ఆరేసిన మామ్మ తడిచీర లాగి, నేల మీద పరిచి, రెండు చేతులతో కుచ్చిళ్ళు పోసింది. నిటారుగా, ఇరుకుగా. ఈ మడత కొండ, ఈ మడతకీ ఆ మడతకీ మధ్య నది, మళ్ళీ కొండ, మళ్ళీ నది. మూడు పెద్ద నదులు పక్కపక్కనే అలా లోయల్లో పారతాయట. ఈ గట్టున నిలబడితే ఆ గట్టు ఇంట్లో అత్తాకోడళ్ళ పోట్లాట వినపడుతుంది, తీర్చడానికి వెళ్ళాలంటే మాత్రం ఒక రోజు దిగాలి, ఒక రోజు ఎక్కాలి. వంతెన ఉండదు, ఒక తాడుంటుంది. చెక్క గాలం తాడుకి తగిలించి, జారడానికి వెన్న రాసి, మనిషీ కంచరగాడిదా అవతలికి జారిపోవాలి. ఆ మూడింటిలో ఒక నది బర్మాలోకొచ్చి మౌల్మీన్ దగ్గర సముద్రంలో పడుతుందని చెప్పేసరికి మ టిన్ తర్జుమా చెయ్యడం మర్చిపోయింది. ఆవిడ పుట్టింది అక్కడే. చిన్నప్పుడు ఆ నీళ్ళలోనే ఈత నేర్చింది. ఇద్దరూ ఒకరి చేతులొకరు పట్టుకుని చీనాలో ఏదేదో మాట్లాడుకున్నారు, మాకు ఒక్క ముక్క అందలేదు. మామ్మ చీర మాత్రం సాయంత్రందాకా టిబెట్టుగానే ఉండిపోయింది.

కింది మడతల్లో యవల పొలాలు. మధ్యలో అడవి, కస్తూరి జింకలు. పైన గడ్డి, అక్కడ జడలబర్రెల మందలు, వాటి వెంట్రుకలతో నేసిన నల్ల డేరాలు. పైవాళ్ళు నాగలి పట్టరు, కిందివాళ్ళు మంద కాయరు. కోతలయ్యాక పైవాళ్ళు వెన్న తోళ్ళలో కుట్టుకుని, ఉన్ని మూటకట్టుకుని దిగుతారు. కిందివాళ్ళు యవలు కొలుస్తారు. ఉప్పు ఎక్కడో ఉత్తరాన చెరువుల్లోంచి గొర్రెల వీపుల మీద చిన్నచిన్న సంచుల్లో వస్తుంది. గొర్రె బస్తా మోస్తుందని విని మా నాన్న కూడా కోటు విప్పుతూ ఆగాడు. ఎంత మోస్తుందని తనే అడిగాడు. మేస్త్రీ కదా.

యవలు వేయించి విసిరిన పిండే వాళ్ళ అన్నం. అది మామ్మకి వింత కాలేదు, చోడి అంబలి మీద పెరిగిన మనిషి. టీ దగ్గరే వచ్చింది పేచీ. ఇటుకలా గట్టిగా ఉన్న టీ చెక్కని విరిచి నల్లగా మరిగించి, అందులో ఉప్పూ వెన్నా వేసి పొడుగు గొట్టంలో చిలకాలట. గొట్టం లేదు, మామ్మ మజ్జిగ కుండా కవ్వమూ ఉన్నాయి. ఆవిడ కవ్వం మా అమ్మ కూడా ముట్టుకోకూడదు. లచ్చమ్మకి ఇచ్చింది. ఇల్లంతా చుట్టూ మూగాం. "చా థుంగ్" అంటూ లామో అందరికీ పోసింది. మామ్మ ఒక గుక్క తాగి, చప్పరించి, "ఇది టీ అన్నోడిని సూపించండి. ఇది సారు. ఇంగువొకటి తక్కువ" అంది. మర్నాడు ఇంగువ వేసింది. లామో తాగి, కళ్ళు పెద్దవి చేసి, ఇంకో గిన్నె పట్టమంది. ఆ వానాకాలమంతా మా ఇంట్లో టిబెట్టు టీకి తిరగమోత పెట్టారంటే ఈ రోజుల్లో ఎవరు నమ్ముతారు.

ఇక ఆ ఆదివారం సంగతి. పొద్దున్నించీ కుండపోత. రేవులో పని లేదు, నాన్న ఇంట్లోనే ఉన్నాడు. సన్నాసి వానలో ఇన్సేన్‌నుంచి తడిసి వచ్చి, ఇంకోసారి అడిగాడు. నాన్న ఇంకోసారి కాదన్నాడు, ఈసారి ఇకమీదట మా మెట్లెక్కొద్దని కూడా అన్నాడు. వాన తగ్గితే పోతానని సన్నాసి గుమ్మం దగ్గర తల వంచుకుని కూర్చున్నాడు. అత్త అటు చూడకుండా మామ్మతో కలిసి చేటల్లో బియ్యం పోసుకుని రాళ్ళేరుతోంది. మ టిన్ పైకొచ్చి ఊరికే ఉండలేక లామోని మొగుడి క్షేమం అడిగింది. చిన్నాయన భామోలో కులాసా, పెద్దాయన ఇంటి దగ్గర పొలం చూసుకుంటున్నాడు అంది లామో. పెద్దాయనంటే మామగారా అని మామ్మ అడిగించింది. కాదు, మొగుడే అని వచ్చింది. ఎక్కడో మాట జారిందని ప్రశ్నని మళ్ళీ పంపించారు. మళ్ళీ అదే జవాబు. అన్నదమ్ములిద్దరికీ కలిపి ఆవిడ భార్య. నాన్న గొంతు సవరించుకున్నాడు. అమ్మ వంటింట్లోకి వెళ్ళబోయి గడప మీదే ఆగిపోయింది.

లామో సిగ్గుపడలేదు, మెల్లగా చెప్పుకొచ్చింది. కొండ వాలులో పొలం జానెడు. అన్నదమ్ములు పంచుకుంటే ఒక్కొక్కరికీ ఎద్దు తిరగడానికైనా చోటు మిగలదు. అందుకని ఒక ఇల్లు, ఒక ఇల్లాలు, ఒకడు పొలం, ఒకడు మంద లేకపోతే వ్యాపారం. మామ్మ చుట్ట ఆర్పి శ్రద్ధగా విని, బాగానే ఉంది గాని పిల్లలు ఎవర్ని అయ్య అంటారని అడిగింది. పెద్దాయన అయ్య, రెండో ఆయన చిన్న అయ్య. "మనకీ సిన్నయ్యలున్నారు కదే" అని మామ్మ తృప్తిగా తలాడించింది. అప్పుడు లామో, మర్యాదకి, మరి మీకెంతమంది అని తిరిగి అడిగింది. ప్రశ్న మ టిన్ దగ్గర ఒకసారి నవ్వింది, అత్త దగ్గర ఇంకోసారి నవ్వింది. "అమ్మా, నీకెంతమంది మొగుళ్ళని అడుగుతోంది" అంది అత్త.

మామ్మ చేటలోంచి తల ఎత్తకుండా, "ఇద్దరు" అంది.

అత్త బర్మాలో చెప్పబోయి ఆగిపోయింది. "ఒకేపాలి కాదని సెప్పు, ఈవిడలాగ కాదు. ఒకడు పోయేక ఒకడు" అని మామ్మ సర్దింది.

"ఏటమ్మా నువ్వనేది?" అన్నాడు నాన్న. మేస్త్రీ గొంతు కాదది.

మామ్మ చేట కింద పెట్టింది. మొదటాయన పేరు గురయ్య. పడవేసుకుని చేపల వేటకెళ్ళేవాడు. పెళ్ళయిన మూడో ఏడు తుఫానులో పడవ తిరిగి రాలేదు. మా తాత అతని జతగాడే. ఏడాది ఆగి, మామ్మ తండ్రిని అడిగి, మారుమనువు చేసుకున్నాడు. ఊరంతా వచ్చి భోంచేసింది. ఇదంతా ఆవిడ బియ్యం ధర చెప్పినట్టు చెప్పింది.

"నాకెవులూ సెప్పనేదు."

"ఊళ్ళో ఉంటే తెలిసీది, సూరీడుకి తెలిసినట్టే. పదేళ్ళకే ఓడెక్కినావు."

"తరవాతైనా సెప్పొచ్చు కదా."

"తరవాత నువ్వు మేస్త్రీవైపోనావు. బయమేసింది."

నాన్న లేచి వానలోకి వెళ్ళిపోయాడు. గొడుగు మూలనే ఉంది. లామో తనేం తప్పు మాట్లాడిందోనని అందరి మొహాలూ చూస్తోంది, ఆవిడకి చెప్పే తీరిక ఎవరికీ లేదు. అత్త చేతుల్లో మొహం దాచుకుంది. సన్నాసి వాన తగ్గకపోయినా లేచి, మామ్మకి దణ్ణం పెట్టి వెళ్ళాడు.

దీపాలు పెట్టే వేళకి నాన్న ముద్దగా తడిసి వచ్చాడు. అమ్మ తువ్వాలు ఇచ్చింది. తుడుచుకోకుండా వెళ్ళి మెట్ల మీద, మామ్మ కింది మెట్టు మీద కూర్చున్నాడు. ఆయన మెట్ల మీద కూర్చోగా నేను చూడ్డం అదే మొదలు. మొదటాయన పేరేటన్నావు అని అడిగాడు. గురయ్య అంది మామ్మ. ఎలాంటి మనిషని అడిగాడు. "మంచోడు. బాగా పాడీవోడు" అంది. తువ్వాలు మామ్మే తీసుకుని నాన్న తల తుడిచింది. పై ఆదివారం పొద్దున్నే నాన్న కోటు వేసుకుంటూ, ఎవరినీ కానట్టు, ఇన్సేన్ రైలు ఎన్నింటికొస్తుందని అడిగాడు. అత్త పెరట్లోకి పరిగెత్తింది. జవాబు నేను చెప్పాను. ఆ రైలు వేళ ఇంట్లో అందరికీ కంఠోపాఠం.

వానలు వెలిసి, బర్మావాళ్ళ దీపాల పండగ వెళ్ళిన వారానికి పెళ్ళయింది. అప్పటికి తాషి కూడా వచ్చాడు. వచ్చింది జట్టులోని కూలీలు, వాళ్ళ ఆడవాళ్ళు. నాన్న ఒక్కొక్కరికీ తనే విస్తరేశాడు. లామో వాళ్ళ దేశపు ఆచారం ప్రకారం తెల్లటి పట్టుగుడ్డలు రెండు తెచ్చి పెళ్ళికూతురి మెడలో ఒకటి, పెళ్ళికొడుకు మెడలో ఒకటి వేయబోయింది. పెళ్ళికి తెల్లగుడ్డేమిటని మామ్మ వాటిని లాక్కుని, నాలుగు మూలలా పసుపు రాసి, మళ్ళీ లామో చేతికే ఇచ్చి వెయ్యమంది. అత్త నవ్వింది. ఈసారి సందు చివరిదాకా వినపడింది. నాన్న తల తిప్పి చూసి, ఇంకో విస్తరేశాడు.

నాన్న మేస్త్రీ, మా ఆయన గుమస్తా, మా అబ్బాయి లెక్చరరు. ఎక్కిన ప్రతి మెట్టు దగ్గరా మా ఇంటి నిజం ఒకటి తక్కువ చెప్పుకున్నాం. మా అడ్డపొగ సంగతి మా కోడలికి తెలీదు. గురయ్య సంగతి మా అబ్బాయికే తెలీదు. నేనూ చెప్పలేదు, నేనూ భయపడ్డాను. నాన్న మాత్రం ఆ తరవాత కొత్తగా వచ్చిన కూలీలకి తన కథ చెప్పేటప్పుడు, మా అమ్మకి ఇద్దరు, నేను రెండోవాడి కొడుకుని అని మొదలుపెట్టేవాడు. ఆ మాట అనగలిగినందుకు ఆయన భుజాలు రెండంగుళాలు పైకి లేచేవి. సూరీడత్త ఇన్సేన్ రైలు క్వార్టర్సులో నలుగురు పిల్లల్ని కని, సన్నాసి మామయ్యని జీవితాంతం సాధించి, సుఖంగా బతికింది.

లామో ఓడెక్కే రోజు మేమంతా రేవుకి వెళ్ళాం. అత్త ఇన్సేన్‌లో ఉంది, మ టిన్‌కి కొట్టు వదలడం కుదరలేదు. అందుకని మాట మోసేవాళ్ళు ఎవరూ లేరు. అయినా లామో, మామ్మ ఒక బస్తా మీద పక్కపక్కన కూర్చుని చాలాసేపు మాట్లాడుకున్నారు. లామో తన భాషలో ఏదో చెప్పింది, చేతులు తిప్పుతూ, ఒకసారి కళ్ళు తుడుచుకుంటూ. మామ్మ తెలుగులో అంతకన్నా పొడుగ్గా చెప్పింది. ఒకరు చెప్తుంటే ఇంకొకరు ఊ కొట్టారు. ఓడ కూత వేసింది, తాషి వచ్చి పిలిచాడు, ఆవిడ లేచింది. ఓడ నది మలుపు తిరిగేదాకా మామ్మ కదల్లేదు. ఇంటికొస్తుంటే అడిగాను, ఏమంది మామ్మా అని.

"ఏటంటాది. దారి పొడుగూ సలేస్తాది, గొంగళి కప్పుకోవే అన్నాను. కప్పుకుంటానంది."